యాదగిరన్న గాలి మోకు

2024 వేసవి సెలవులు. హైదరాబాద్ శివార్లలో నేను పనిచేసే చోట సెలవుల్లో శనివారం వచ్చిందంటే కాలు పెట్టే సందుండదు. అప్పటికి నేను అక్కడ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరి ఐదేళ్లు. నా పని ఏమిటని ఎవరైనా అడిగితే, జనగామ దగ్గర లింగాల ఘనపూర్‌లో ఉండే మా అమ్మ ఇప్పటికీ ఒకే మాట చెబుతుంది: "మా రజిత పట్నంల పెద్ద ఫ్యాన్ కాడ పనిచేస్తది." విన్నవాళ్లు నేను ఫ్యాన్లు బిగిస్తాననుకుంటారు. సరిదిద్దడం నేనూ మానేశాను. అమ్మ చెప్పేది అబద్ధమేమీ కాదు మరి.

ఇండోర్ స్కైడైవింగ్ అంటే విమానం ఎక్కకుండా, ఎక్కడి నుంచీ దూకకుండా ఎగరడం. నిలువుగా మూడంతస్తుల ఎత్తున ఒక గాజు గొట్టం ఉంటుంది. దాన్ని విండ్ టన్నెల్ అంటారు. పెద్ద పెద్ద ఫ్యాన్ల వల్ల గాలి అందులో కింది నుంచి పైకి తోసుకొస్తుంది. అడుగున నేల ఉండదు, బిగించి కట్టిన తీగల వల ఉంటుంది. ఆ గాలి మీద బోర్లా పడుకుంటే మనిషి తేలుతాడు. ఒక్కొక్కరికి నిమిషం చొప్పున రెండు ఫ్లైట్లు. నిమిషమేనా అని అందరూ మూతి విరుస్తారు. లోపలికి వెళ్లొచ్చాక ఆ మాట ఒక్కరూ అనరు. నేను వల మీద నిలబడి, వాళ్ల సూట్ వెనక కుట్టిన పట్టీలు పట్టుకొని, గోడకు తగలకుండా చూస్తూ, గాలి మీద పడుకోవడం నేర్పుతాను.

పడుకోవడానికీ ఒక తీరు ఉంది. మేము దాన్ని ఆర్చ్ అంటాం. నడుము ముందుకు, రొమ్ము విరుచుకొని, గదవ, అదే గడ్డం, పైకి, చేతులు వదులుగా. ఒళ్లు ముడుచుకుంటే గాలికి ఆనడానికి చోటుండదు, మనిషి ధబీమని వల మీద పడతాడు. భయపడ్డవాళ్లు మొట్టమొదట చేసే పని ముడుచుకోవడమే. అందుకే రోజుకు వందసార్లు "వదిలేయండి, వదిలేయండి" అని చెప్పడం నాకు ఊతపదం అయిపోయింది.

ఆ ఉదయం పదింటి బ్యాచ్‌లో ఒక తండ్రీ కూతురూ వచ్చారు. తండ్రి పేరు యాదగిరి. నలభై ఐదు దాటి ఉంటాయి. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, భుజాన తువ్వాల. కూతురు అక్షితకు పదహారేళ్లు, ఇంటర్ మొదటి ఏడాది అయిపోయింది. ఊరు కొడకండ్ల. మహబూబాబాద్‌లో జరిగిన పిల్లల పోటీల్లో తాడు ఎక్కడంలో ఆ అమ్మాయి మొదటి స్థానంలో వచ్చిందట. గెలిచినవాళ్లకు ఎవరో దాత మా దగ్గర ఎగరడానికి ఇద్దరికి చొప్పున టికెట్లు ఇచ్చాడు. ఇదంతా అమ్మాయే గడగడా చెప్పింది. తండ్రి మాత్రం గాజు గొట్టాన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూసి తల దించుకున్నాడు.

కొడకండ్ల పేరు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అయినా బయటపడలేదు. డ్యూటీలో నేను మాట్లాడే భాష వేరు. చేరిన కొత్తలో ఒక కస్టమర్ నా "ఎట్ల"నూ "గిట్ల"నూ అనుకరించి పక్కవాళ్లను నవ్వించాడు. ఆ రోజు ఇంటికెళ్లి ఏడ్చాను కూడా. అప్పటి నుంచి సగం ఇంగ్లిషు, సగం టీవీ యాంకర్ల తెలుగు. సూట్‌తో పాటు నాలుకకు కూడా యూనిఫాం తొడిగేశాను.

ఆయన చెప్పులు విప్పినప్పుడు చూశాను. పాదాల మీద అడ్డంగా, నల్లగా కాయకట్టిన చార. చెట్టెక్కేటప్పుడు కాళ్లకు వేసుకునే తాడు ఒరుసుకొని కల్లుగీసేవాళ్లకు వచ్చే గుర్తు అది. మా పొలం గట్ల మీద తాటిచెట్లు మావి, వాటిని ఎక్కే ప్రాణం గౌడన్నలది. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని, ఆ మాత్రం గుర్తుపట్టలేనా? మహా తెలివైనదాన్ననుకొని, "రోజూ తాడిచెట్టు ఎక్కేవారికి ఇదొక లెక్కా సర్? మీరే మాకు నేర్పాలి," అనేశాను.

అమ్మాయి మొహం మాడిపోయింది.

"చెట్టెక్కక రెండేండ్లయింది మేడం," అన్నాడాయన మెల్లగా. "పడ్డ. కాలిరిగింది."

నాలుక కరుచుకున్నాను. అయినా అడగాల్సినవి అడగక తప్పదు. ఎముక విరిగినవాళ్లను డాక్టర్ కాగితం లేకుండా మేము లోపలికి పంపం. అక్షిత దగ్గర అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఒక ప్లాస్టిక్ ఫైల్ తీసి, విరిగిన ఎముక పూర్తిగా అతికిందని, ఇలాంటి ఆటలకు అభ్యంతరం లేదని డాక్టర్ రాసిచ్చిన కాగితం నా చేతిలో పెట్టింది. దాంతోపాటు ఇంకో కాగితం అతుక్కొని వచ్చింది. భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ శిబిరం, తల్లిదండ్రుల అంగీకార పత్రం. సంతకం చోట ఖాళీ.

"ఇది మాది కాదమ్మా," అని తిరిగిచ్చాను.

తండ్రి చూడనే చూశాడు. "గా కాయిదం గిక్కడిదాక తెచ్చినవా?"

"నీ మనసు ఎప్పుడు మారుతదో ఎవలకెరుక బాపు," అంది అమ్మాయి.

"మారదు."

"దిగినంక చెప్పు. మాటంటే మాట."

సంగతేమిటో సూట్లు వేసుకునే గదిలో అక్షిత చెప్పింది. ఆ శిబిరానికి వాళ్ల కాలేజీ మొత్తం మీద ఎంపికైంది తనొక్కతే. సోమవారంలోగా తండ్రి సంతకం చేసి ఇవ్వాలి. వారం నుంచి ఇంట్లో ఇదే రభస. ఆయన ససేమిరా అంటున్నాడు. చివరికి ఆ పిల్ల ఒక పందెం వేసింది.

"నువ్వొక్కసారి గాలిల తేలు బాపు, దిగినంక గూడ వద్దంటే ఇగ జన్మల అడగ అన్న అక్కా. కింద వల ఉంటదని చెప్పిన, గందుకే సరే అన్నడు."

"మరి నిజంగానే వద్దంటే?"

"కాయిదం చింపుత," అంది బూట్ల లేసులు బిగించుకుంటూ. మళ్లీ తనే, "పడ్డప్పటి సంది బాపు అటక మీదికి గూడ ఎక్కలే. నన్ను గోడ మీద కూసోనియ్యడు. నేను గెలిచిన పోటీ సూడనీకి గూడ రాలే," అంది. ముడి గట్టిగా వేసింది.

తర్వాత బ్రీఫింగ్. అంటే లోపలికి వెళ్లేముందు ఐదు నిమిషాల పాఠం. టన్నెల్ లోపల హోరులో మాట వినపడదు, చెవుల్లో బిరడాలు కూడా ఉంటాయి. అంతా చేతి సైగలే. రెండు వేళ్లు చాపితే కాళ్లు చాపాలి, వంచితే మడవాలి. నేను నా యాంకర్ తెలుగులో దంచేశాను: బాడీ రిలాక్స్ చేయండి, హిప్స్ ఫార్వర్డ్, చిన్ అప్. యాదగిరి అన్నిటికీ తల ఊపాడు.

"అర్థమైందా సర్?"

"అయింది మేడం."

కాలేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. వెనక ఇంకో ఆరుగురు ఎదురుచూస్తున్నారు. పోనిద్దూ, లోపల చూసుకుందామనుకున్నాను. ఆ తప్పు పూర్తిగా నాదే.

ముందు అక్షిత వెళ్లింది. కొందరి ఒంట్లో ఏముంటుందో తెలియదు, మొదటిసారే గాలితో స్నేహం చేసేస్తారు. ముప్ఫై సెకన్లకే నేను ఆ పిల్ల పట్టీ వదిలేశాను. నిమిషమంతా నవ్వుతూనే ఉంది. బయట బల్ల మీద కూర్చున్న తండ్రి చూపు కూతురి మీద లేదు, కింద వల మీద ఉంది.

తర్వాత ఆయన వంతు. టన్నెల్ వాకిట్లో నిలబడి, చేతులు పైకెత్తి, ముందుకు వాలిపోవడమే చేయాల్సింది. ఆయన వాలలేదు. ఒక కాలు చాపి గాలిలో అడుగు ఆనించే చోటు కోసం వెతికాడు. దొరకలేదు. గాలి ఆ కాలిని ఎగరేసింది. అంతే, రెండు చేతులూ నా మెడ చుట్టూ, రెండు కాళ్లూ నా నడుము చుట్టూ వేసి నన్ను తాడిచెట్టును కరుచుకున్నట్టు కరుచుకున్నాడు. ముప్ఫై ఏళ్లు చెట్లెక్కిన చేతుల పట్టు అది. ఇద్దరం కలిసి వల మీద పడ్డాం, లేచాం, మళ్లీ పడ్డాం. ఐదేళ్లలో నన్ను ఎవరూ అట్లా దొర్లించలేదు. గాలి వేగం చూసుకునే కంట్రోలర్ జోసెఫ్ గాజు అవతలి నుంచి నా సైగ అందుకొని గాలి తగ్గించాడు. పట్టుమని ఇరవై సెకన్లు కూడా కాలేదు.

బయట ఒకరిద్దరు నవ్వారు. ఒకతను ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. యాదగిరి మీద కాదు, ఆ ఫోన్ మీద. కానీ ఆ కోపమంతా ఆయన మీదే వెళ్లగక్కాను.

"సర్, వదిలేయమని ఎన్నిసార్లు చెప్పాను? పట్టుకుంటే ఎలా ఎగురుతారు?"

"తప్పయింది మేడం," అన్నాడు. హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకొని, "అక్షితా, అయిపోయింది. పోదాం పా," అన్నాడు.

 అమ్మాయి ఫైల్ ఛాతీకి అదుముకొని నిలబడింది.

రెండో ఫ్లైట్ ఇంకా మిగిలే ఉంది. కానీ ఇన్‌స్ట్రక్టర్‌కు నమ్మకం కుదరకపోతే రెండో ఫ్లైట్ ఆపేసే హక్కు ఉంటుంది. నిజం చెప్పాలంటే ఆపేద్దామనే అనుకున్నాను. మిగతా బ్యాచ్‌ను పక్క ఇన్‌స్ట్రక్టర్‌కు అప్పగించి, ఆయనకు నచ్చజెప్పి పంపేద్దామని పక్కన వెళ్లి కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తోచక అడిగాను.

"ఎట్ల పడ్డవన్నా?"

ఆ మాట నా నోట్లోంచి ఎలా జారిందో నాకే తెలియదు. యూనిఫాం ఊడిపోయింది. ఆయన చప్పున నా మొహంలోకి చూశాడు.

"నీది ఏ ఊరు బిడ్డా?"

"లింగాల ఘనపూర్."

"మరి గిందాక గా ఇంగిలీషేంది?"

నవ్వొచ్చింది ఇద్దరికీ. అప్పుడు మొదలుపెట్టాడు, గోడను చూస్తూ.

"మోకు తెగి పడ్డనని ఊరంత చెప్పిన. తెగలే బిడ్డా. చెట్టు మీద మనిషిని నిలబెట్టేది చెయ్యి కాదు. మోకు. చెట్టు సుట్టు తిప్పి నడుం ఎన్కకు ఏస్కుంటం. దాని మీద బరువేసి ఎన్కకు ఒరగాలె. ఒరిగితెనే గది చెట్టును కరుస్తది. అప్పుడు రెండు చేతులిడిచి గీసుకోవచ్చు. ఆ దినం వాన ముందటి గాలిదుమారం లేసింది. చెట్టు ఊగింది. అంతకుముందు ఎన్నిసార్లు ఊగలే? గని ఆ ఒక్క గడియ నాకు దాని మీద నమ్మకం పోయింది. చెట్టును కావలించుకున్న. కావలించుకుంటె మోకు వదులైతది. జారుతది."

ఒళ్లో ఉన్న హెల్మెట్‌ను ఒకసారి తిప్పాడు.

"నేనే పట్టుకొని పడ్డ. ముప్ఫై ఏండ్లు నన్ను మోసిన మోకును బద్నాం చేసిన."

నేను నోరు తెరుచుకొని కూర్చున్నాను. మా గట్ల మీద చెట్లెక్కినవాళ్లను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. మోకు అంటే మనిషి పడిపోకుండా కట్టుకునే తాడు అనుకున్నానే తప్ప, దాని మీద ఒరగకపోతే అది పనిచేయదని నాకు ఆ నిమిషం వరకూ తెలియదు. కల్లు మాత్రం తాగాను, మాట దాచడమెందుకు.

వెనక నుంచి అక్షిత గొంతు వినిపించింది. ఎప్పుడొచ్చి నిలబడిందో.

"గిదా బాపు నీ భయం? నేను పడ్తనని కాదు. నీ లెక్క పట్టుకుంటనని."

ఆయన తిరిగి చూడలేదు. "నా రక్తమే గద బిడ్డా."

"అయితే ఒరుగుడు నేర్పియ్యరాదు?"

ఆ పిల్ల మాటలో కోపం లేదు, ఎగతాళి లేదు. నిజంగానే అడిగింది.  ఆ మాటతో నాకు ఒక ఆలోచన వచ్చింది. స్టోర్‌లో సామాన్లు కట్టే వెడల్పాటి నైలాన్ పట్టీ ఉంటుంది, బస్తాల బరువు మోసేది. తెచ్చి ఆయన చేతికిచ్చాను. లాబీ మధ్యలో ఉన్న లావుపాటి స్తంభం చూపించాను.

"నాకు చూపియ్యన్నా. ఒరుగుడంటే ఎట్లనో. ఒక్క జానెడు ఎక్కితే చాలు."

వద్దంటాడనుకున్నాను. పట్టీని రెండు చేతుల్లో తీసుకొని లాగి చూశాడు. ఇంకోసారి లాగాడు. అంచు పొడుగునా వేలితో తడిమాడు. ఆ తడమడంలోనే మనిషి మారిపోయాడు. స్తంభం చుట్టూ తిప్పి, నడుము వెనక వేసుకొని ముడివేసి, ముడిని మళ్లీ విప్పి ఇంకో తీరుగా వేశాడు. ఒక అడుగు స్తంభానికి ఆనించాడు. ఆగాడు.   రెండో పాదం నేల వదిలింది.

ఒరిగాడు.

పట్టీ స్తంభాన్ని కరిచిపట్టింది. నడుము ముందుకొచ్చింది, రొమ్ము విచ్చుకుంది, గదవ పైకి లేచింది, ఇంకెక్కడో పైనున్న గెలను చూస్తున్నట్టు. రెండు చేతులూ వదిలేసి, కుడిచేత్తో కత్తి పట్టి గీస్తున్నట్టు గాలిలో ఒకసారి ఆడించాడు. ఇందాక వీడియో తీసినతను ఫోన్ జేబులో పెట్టుకొని దగ్గరికొచ్చి చూస్తున్నాడు.

నేను ఐదేళ్లుగా బొమ్మలు గీసి, నేల మీద పడుకోబెట్టి, చేతులు కాళ్లు సర్ది నేర్పుతున్న ఆర్చ్ నా కళ్ల ముందు నిలబడి ఉంది. అంత పొంకంగా నాకు కూడా రాదు.

"కదలకన్నా! గట్లనే ఉండు," అని అరిచాను. "గిదే. నాకు కావాల్సింది గిదే. ఇప్పుడు మోకు ఎన్క ఉన్నది, ఎన్కకు ఒరిగినవు. లోపల మోకు ముందుంటది. గాలే మోకు. దాని మీదికి ముందుకు ఒరగాలె. నువ్వు ఒరిగితెనే గది పట్టుకుంటది. గంతే తేడా."

 ఆయన దిగి, పట్టీ చుట్ట చుట్టి నా చేతికిచ్చాడు. "ఇంగిలీషుల గీ ముక్క చెప్పలేకపోయినవ్," అన్నాడు.

సైగ కూడా మార్చుకున్నాం. కంపెనీ నేర్పిన సైగలు పక్కనపెట్టి, నేను నా నడుము మీద రెండుసార్లు తట్టుకుంటే "ఒరుగు" అని అర్థం. గాజు అవతల జోసెఫ్‌కు కూడా చెప్పి వచ్చాను. ఆయనకు మా గోల ఏమీ అర్థం కాలేదు గానీ బొటనవేలు పైకెత్తాడు.

రెండో ఫ్లైట్‌కు యాదగిరి వాకిట్లో నిలబడ్డాడు. హెల్మెట్ కళ్లద్దాల వెనక కళ్లు పెద్దవిగా కనిపిస్తున్నాయి. గాజుకు ముక్కు ఆనించి అక్షిత చూస్తోంది. ఆయన చేతుల వేళ్లు మళ్లీ ముడుచుకోవడం చూశాను.  నడుము మీద రెండుసార్లు తట్టుకున్నాను. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. వేళ్లు విప్పాడు. ముందుకు ఒరిగాడు.

గాలి పట్టుకుంది.

పొట్ట కింద, రొమ్ము కింద, తొడల కింద గాలి వచ్చి నిలబడటం ఆయన మొహంలో కనిపించింది. అది ఎప్పుడు చూసినా నాకు సంతోషమే, కానీ ఆ రోజు చూసింది వేరు. దూరమైన చుట్టాన్ని పోల్చుకున్న మొహం అది. నేను ఆయన సూట్ పట్టీని ఐదు వేళ్లతో పట్టుకున్నాను, తర్వాత రెండు వేళ్లతో, తర్వాత వదిలేశాను. ఆయన తేలుతున్నాడు. ఒక్కడే. వల మీద నిలబడ్డ నాకు నడుమెత్తున, ఆపైన తలెత్తున. ఎడమవైపు కొంచెం జారాడు. నేను అందుకునేలోపే ఎడమ భుజం సర్దుకొని తనే నడిమికి వచ్చాడు. అది ఎవరూ నేర్పలేదు. ఊగే చెట్టు మీద సంతులనం చూసుకునే ఒళ్లు, తన పని తను చేసుకుపోయింది.

హై ఫ్లై అని ఒకటుంది. ఇన్‌స్ట్రక్టర్ కస్టమర్‌ను పట్టుకొని, ఇద్దరూ కలిసి గిర్రున తిరుగుతూ గొట్టం పైదాకా వెళ్లి రావడం. భయపడేవాళ్లకు మేము ఆ మాటే ఎత్తం. యాదగిరి తేలుతూనే నా వైపు చూసి, కుడిచేతి వేలితో పైకి చూపించాడు. కలా నిజమా అనుకున్నాను. మళ్లీ చూపించాడు, ఈసారి విసుగ్గా, ఎంతసేపు నిలబెడతావన్నట్టు. జోసెఫ్‌కు సైగ చేశాను.

లేచాం. ఇద్దరం కలిసి తాడిచెట్టంత ఎత్తుకు లేచాం. పైన ఒక్క క్షణం ఆగినట్టుంటుంది. ఆ క్షణంలో ఆయన కిందికి చూశాడు. పడ్డప్పటి నుంచి రెండేళ్లుగా చూడని చూపు అది. కింద గాజు అవతల చేతులు రెండూ పైకెత్తి గెంతుతున్న కూతుర్ని చూశాడు. 

బయటికొచ్చేసరికి లాబీలో అందరూ చప్పట్లు. చెవుల్లో బిరడాలు ఉన్నందువల్ల ఆయనకు ఏమీ వినపడలేదు. ఎందుకు చేతులు కొడుతున్నారో అర్థంకాక వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తిరిగి చూశాడు. అక్షిత పరుగెత్తుకొచ్చి నడుము చుట్టూ వాటేసుకుంది. ఆయన ఒక బిరడా తీసి, గట్టిగా, హోరులో మాట్లాడుతున్నట్టే అన్నాడు.

"వల ఉన్నదని ఒప్పుకున్న. గీసారి వల మీద కాలే పెట్టలే బిడ్డా!"

నాకు ఏడుపు ఆగలేదు. కస్టమర్ల ముందు ఏడవకూడదని రూలేమీ లేదు, ఉన్నా ఆ రోజు పాటించేదాన్ని కాదు.

తర్వాత తువ్వాలతో మొహం తుడుచుకొని, "ఏదీ గా కాయిదం," అన్నాడు. అక్షిత ఫైల్ తెరిచేలోపు చేతులు తడబడి కాగితాలన్నీ కింద పోసింది. ఆయన ఆ పత్రాన్ని స్తంభానికి ఆనించి, ఇందాక పట్టీ కరుచుకున్న చోటే, ఒక్కో అక్షరం ఒత్తి రాశాడు. రాసి, కలం మూత పెట్టకుండానే అన్నాడు.

"ఒక షరతు. పొయ్యేముందు వారం దినాలు నా కాడ మోకేసుకోవాలె. ఒరుగుడు నేర్చుకున్నంకనే గుట్ట."

"సై," అంది అక్షిత.

నెల తిరక్కుండా నా ఫోన్‌కు ఒక వీడియో వచ్చింది. భువనగిరి గుట్ట. నడుముకు తాడు కట్టుకొని బండ అంచు నుంచి వెనక్కి దిగడం నేర్పుతున్నారు. పిల్లలందరూ తాడును రెండు చేతులా బిగించి పట్టుకొని, బండకు బల్లుల్లా అతుక్కుపోయారు. అక్షిత వంతు వచ్చింది. అంచున నిలబడి, వెనక్కి, కుర్చీలో కూర్చున్నంత తీరిగ్గా ఒరిగింది. శిక్షకుడు, "ఎవరు నేర్పిండ్రు నీకు?" అంటున్నాడు. "మా బాపు సార్. తాడిచెట్టు కాడ," అంది పిల్ల. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

మరుసటి ఏడాది తాటికల్లు కాలంలో ఊరికి వెళ్తూ కొడకండ్లలో ఆగాను. ఊరి బయట ఒక చెట్టు మీద యాదగిరన్న ఉన్నాడు. నడుము వెనక కొత్త మోకు. నన్ను చూసి పైనుంచే కేకేశాడు. చెట్టు మరీ ఎత్తేమీ కాదు. దిగొచ్చాక ఆ మాటే అంటే నవ్వాడు.

"పొట్టి చెట్టే. పొడుగుదానికి మా ఇంటామె ఇంక సంతకం పెట్టలే. అడుగుతున్న." కల్లు లొట్టి దించి, తాగడానికి తాటాకు దొప్పలా మడిచి నా చేతికిస్తూ, "మోకు తెగలే, నేనే పట్టుకున్ననని అందరికీ చెప్పేసిన. నవ్విండ్రు. నవ్వనీ," అన్నాడు.

ఈ వృత్తిలో ఏం నేర్చుకున్నావని అడిగితే నేను ఆ శనివారమే చెబుతాను. అంతకుముందు నేను మనుషులకు వదిలేయమని నేర్పేదాన్ని. ఏమీ లేని చోట ఎవరు వదులుతారు? దేని మీద ఒరగాలో తెలిస్తే చేతులు వాటంతటవే వదిలేస్తాయి. ఇప్పుడు బ్రీఫింగ్‌లో నా మొదటి ప్రశ్న "ఏం పని చేస్తరు?" అనేదే. మొన్న రఘునాథపల్లి నుంచి మనవరాలితో వచ్చిన ఒక అవ్వకు చిన్ అప్ అని చెప్పలేదు. "నెత్తి మీద నీళ్ల బిందె ఉన్నదనుకో అవ్వా," అన్నాను. నిమిషమంతా మెడ తొణకలేదు. నా "ఎట్ల"నూ "గిట్ల"నూ ఇప్పుడు దాచుకోవడం లేదు. వెక్కిరించినవాళ్లను కూడా ఎగిరిస్తాను, వాళ్లకూ అదే భాషలో.

మా లాబీలో ఆ స్తంభానికి ఒక నైలాన్ పట్టీ ఎప్పుడూ వేలాడుతుంటుంది. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన మా ఇన్‌స్ట్రక్టర్లు కూడా దాన్ని మోకు అనే అంటారు. ఎవరైనా వాకిట్లో బిగుసుకుపోతే ముందు అక్కడికి తీసుకొస్తాం. నడుము వెనక పట్టీ వేసి, పక్కన నిలబడి, యాదగిరన్న కూతురికి వారం రోజులు చెప్పిన ఆ రెండు ముక్కలే నేనూ చెబుతాను.

"ఒరుగు బిడ్డా. గది మోస్తది."